మోకాలి కింద దిండు



నేను ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో లెక్కలు చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక పొద్దున పేపరు, మధ్యాహ్నం ఓ కునుకు, సాయంత్రం కాలవ గట్టు మీద నడక, ఇంతే కదా అనుకున్నాను. ఆరేళ్ల కిందట నా కుడికాలు తీసేశారు. మోకాలి కింద జానెడు కూడా మిగల్లేదు.

జీవితంలో వచ్చే కష్టాలను తట్టుకోవడం గురించి కాసేపు మాట్లాడమని రేడియో వాళ్లు అడిగితే మొదట నావల్ల కాదన్నాను. ఈ సంగతి మీద మాట్లాడేవాళ్లు ఏదో ఒకటి సాధించి ఉంటారు. నేను సాధించింది ఏమిటయ్యా అంటే, మళ్లీ నా అంతట నేను కూరగాయల బజారుకు వెళ్లి, బెండకాయ కొస విరిచి చూసి, లేతవి ఏరి తెచ్చుకోవడం. తర్వాత ఆలోచిస్తే అక్కడిదాకా రావడానికి నాకు పట్టింది పద్నాలుగు నెలలు. పద్నాలుగు నెలల సంగతి చెప్పొచ్చులే అని ఒప్పుకున్నాను.

మొదలు చాలా చిన్నది. మా మేనకోడలి పెళ్లికి కొత్త చెప్పులు కొన్నాను. పెళ్లింట్లో తిరిగిన తిరుగుడికి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదు. నాకప్పటికే పదిహేనేళ్ల షుగరు. షుగరు అదుపులో లేకపోతే కాళ్లలో నరాలు మెల్లగా మొద్దుబారతాయి, రక్తం సరిగా అందదు, గాయం మానదు. ఈ ముక్క డాక్టరు చాలాసార్లు చెప్పాడు, నేను చాలాసార్లు తల ఊపాను. నొప్పి అనేది ఇంటి ముందు కుక్క లాంటిది. అరిచి లేపుతుంది. నా పాదంలో ఆ కుక్క ఎప్పుడో చచ్చిపోయింది, ఇంటాయనకు తెలియలేదు.

పది రోజులకు వేలు నల్లబడింది. ముందు వేలు తీశారు. తర్వాత సగం పాదం. ఆ తర్వాత మోకాలి కింద దాకా. మూడు వారాల్లో మూడు ఆపరేషన్లు. ఎన్నో వందల మంది పిల్లలకు తీసివేతలు నేర్పాను. చివరికి ఆ లెక్క నా ఒంటి మీదే చేసి చూపించారు.

ఇంటికొచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. మనవాళ్లు మంచివాళ్లు. కష్టమొచ్చిన ఇంటి గడప తొక్కకుండా ఉండరు. బత్తాయిలు తెచ్చారు, హార్లిక్స్ సీసాలు తెచ్చారు. షుగరుతో కాలు పోయినవాడికి అవేమిటని ఎవరూ ఆలోచించలేదు, నేనూ అనలేదు. వచ్చినవాళ్లంతా ఓ మాట చెప్పి వెళ్లేవాళ్లు: "ధైర్యంగా ఉండండి మాస్టారూ." లెక్కల మాస్టార్ని కదా, ఒకరోజు లెక్కపెట్టాను. పదకొండు మంది వచ్చారు. ధైర్యం అన్న మాట పద్దెనిమిది సార్లు వినిపించింది. అందరూ వెళ్లిపోయాక వెతికి చూసుకున్నాను. ఒక్క పిసరు ధైర్యం కూడా ఎక్కడా కనపడలేదు.

ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేసి ఫోనులో వీడియో చూపించాడు. అరుణిమా సిన్హా. 2011లో కదులుతున్న రైల్లోంచి దుండగులు తోసేస్తే ఎడమకాలు పోగొట్టుకుంది. 2013లో కృత్రిమ కాలితో ఎవరెస్టు ఎక్కింది. "చూశారా, ఆడపిల్ల ఎవరెస్టే ఎక్కింది, మీకేం?" అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆరోజు పొద్దున్నే నేను బాత్‌రూమ్ గడప దాటలేక మా ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చాను. బాత్‌రూమ్ గడప ఎత్తు మూడంగుళాలు. మూడంగుళాలు దాటలేనివాడికి ఎవరెస్టు చూపిస్తే ధైర్యం రాదండీ. సిగ్గు వస్తుంది.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ ధైర్యం చెప్పేది కాదు, సేవ చేసేది. బాత్‌రూమ్‌కు తప్ప మంచం దిగనిచ్చేది కాదు. మంచినీళ్లు నోటిదాకా అందించేది. మిగిలిన ముక్క కింద, సరిగ్గా మోకాలి దగ్గర, మెత్తటి దిండు పెట్టేది. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజో ఐదో రోజో ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. రాగానే నా మొహం చూడలేదు, కాలు చూసింది.

"ఈ దిండు ఎవరు పెట్టారండీ?"

"నేనేనమ్మా. కొంచెం ఎత్తుగా ఉంటే ఆయనకు హాయిగా ఉంటుందని," అంది మా ఆవిడ.

"హాయిగానే ఉంటుంది ఆంటీ. కానీ మోకాలు వంగి ఉండటానికి అలవాటు పడిపోతుంది. లోపల కండ బిగుసుకుపోతే ఇక చాపలేరు. చాపలేని మోకాలికి రేపు కాలు బిగించడం చాలా కష్టం," అంటూ దిండు లాగేసి కుర్చీలో పెట్టింది.

నాకు ఒళ్లు మండింది. అంత నొప్పిలో ఉన్న ఒక్క సుఖాన్నీ లాక్కున్నట్టనిపించింది. ఆ అమ్మాయి అదేమీ పట్టించుకోలేదు. "సార్, రేపటికి మీకు మూడు పనులు. ఒకటి, పూటకు పావుగంట బోర్లా పడుకోవాలి. రెండు, ఈ సాగే బ్యాండేజీ నేను చూపించినట్టు ఏటవాలుగా చుట్టుకోవడం మీ చేత్తో మీరే నేర్చుకోవాలి. మూడు, ఈ మంచం మీంచి ఆ కుర్చీలోకి ఎవరూ పట్టుకోకుండా మారాలి," అంది. ధైర్యం అన్న మాట ఆ అమ్మాయి నోట రాలేదు. ఆరోజు కాదు, ఆ తర్వాత కూడా.

మర్నాడు నేను కుర్చీలోకి మారాను. మంచానికీ కుర్చీకీ మధ్య దూరం జానెడు. ఆ జానెడు దాటడానికి పది నిమిషాలు పట్టింది, బనీను తడిసిపోయింది. కూర్చున్నాక కిటికీలోంచి చూస్తే మా పెరట్లో గోరింట చెట్టు కనపడింది. మంచం మీంచి అది కనపడదు. మూడు వారాలుగా పైకప్పు ఫ్యానే చూస్తున్న నాకు ఆ చెట్టును చూడగానే ఎక్కడో కొద్దిగా బలం వచ్చింది. అప్పుడు తెలిసింది. ధైర్యం ముందు వచ్చి, పని తర్వాత జరుగుతుందని నేను అనుకుంటూ ఉన్నాను. పని ముందు, ధైర్యం దాని వెనక. చిన్నపిల్లాడు అమ్మ కొంగు పట్టుకుని వచ్చినట్టు వస్తుంది.

ఇంకో విచిత్రం చెప్పాలి. కాలు లేదు కదా, కానీ ఆ పాదం దురద పెట్టేది. బొటనవేలు మెలి తిప్పినట్టు నొప్పి పుట్టేది. రాత్రిళ్లు లేని పాదం మండేది. ఎవరికన్నా చెబితే మతి చెడిందంటారని కొన్నాళ్లు దాచాను. ఒకరాత్రి నిద్ర మత్తులో, రెండు కాళ్లూ ఉన్నాయనే లెక్కలో, మంచం దిగి నడవబోయి దబ్బున పడ్డాను. ఆ చప్పుడుకు మా ఆవిడ లేచి, నా పక్కనే నేల మీద కూర్చుంది. ఇద్దరం తెల్లారేదాకా అలాగే ఉన్నాం.

ఫిజియో అమ్మాయికి చెబితే నవ్వలేదు. ఇది చాలామందికి ఉంటుందట. దీనికి అమెరికాలో అంతర్యుద్ధ కాలంలో సైనికులకు వైద్యం చేసిన సైలస్ వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1871లో పేరు కూడా పెట్టాడు, ఫాంటమ్ లింబ్ అని. మెదడులో మన ఒంటికి ఓ పటం ఉంటుంది. కాలు తెగినా పటంలో కాలి చోటు చెరిగిపోదు. మన తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ అనే శాస్త్రవేత్త 1990లలో దీనికి అద్దంతో ఓ ఉపాయం కనిపెట్టాడు. ఉన్న కాలు అద్దంలో కనపడేలా పెడితే, లేనిచోట రెండో కాలు ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. ఉన్న కాలి వేళ్లు విప్పితే లేని కాలి వేళ్లు కూడా విప్పుకున్నట్టు మెదడు నమ్ముతుంది. మా ఆవిడ నిలువుటద్దం దించి రెండు కాళ్ల మధ్య పెట్టించి రోజూ పది నిమిషాలు అదే పని చేశాను. అందరికీ ఇది పనిచేయదు. నాకు సగం తగ్గింది. మిగతా సగంతో సర్దుకుపోతున్నాను.

శ్రోతలు గమనించారో లేదో, ఇక్కడ కూడా నాకు దొరికింది ఓ పనే. నొప్పిని భరించమని చెప్పడం వేరు, అద్దం ముందు కూర్చుని వేళ్లు కదపమనడం వేరు.

ఇప్పుడు నేను వేసుకున్న కాలి పుట్టుక చెబుతాను. పనికీ ధైర్యానికీ ఉన్న చుట్టరికం అందులో ఇంకా బాగా తెలుస్తుంది.

జైపూర్‌లో సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ అని ఎముకల వైద్యుడు ఉండేవారు. కాళ్లు పోయినవాళ్లకు అప్పట్లో పాశ్చాత్య దేశాల నమూనా కృత్రిమ పాదాలు వేసేవాళ్లు. కొన్నాళ్లకు చూస్తే రోగులు వాటిని మూలన పడేసి కర్రలతోనే తిరిగేవాళ్లు. ధైర్యం లేక కాదు. ఆ పాదానికి బూటు తప్పనిసరి. మనవాడు బూటుతో గుళ్లోకి ఎలా వెళతాడు? వంటింట్లోకి ఎలా వెళతాడు? చీలమండ దగ్గర వంగదు కాబట్టి గొంతుక్కూర్చోలేడు, బాసింపట్టు వేసి విస్తరి ముందు కూర్చోలేడు. వరి మడిలో దిగితే బూటు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. కుర్చీల్లో కూర్చునేవాళ్ల కోసం చేసిన కాలు, నేల మీద బతికేవాళ్లకు ఎలా సరిపోతుంది?

అదే ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పడానికి వచ్చినాయన రామచంద్ర శర్మ. అందరూ మాస్టర్‌జీ అనేవాళ్లు. పెద్ద చదువులు లేవు, చేతిలో విద్య ఉంది. లారీ టైర్లకు రబ్బరు ఎలా కరిగించి అంటిస్తారో చూసి, పాదాన్ని కూడా అలాగే అచ్చులో పోసి ఉడికించవచ్చని ఆయనకు తట్టిందని చెబుతారు. లోపల చీలమండ చోట కొయ్య, మడమకూ వేళ్లకూ మెత్తటి స్పాంజి రబ్బరు, పైన టైరుకు వాడే దారపు పొర, అన్నిటి మీదా చర్మం రంగు రబ్బరు తొడుగు. డాక్టరుకు ఎముక తెలుసు, మాస్టర్‌జీకి రబ్బరు తెలుసు. ఇద్దరూ కలిసి 1968లో తయారుచేసిందే జైపూర్ పాదం. దానితో వట్టి కాళ్లతో నడవొచ్చు, బురదలో దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, చెట్టెక్కొచ్చు. 1975లో డి.ఆర్. మెహతా మొదలుపెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఆ కాళ్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అఫ్గానిస్తాన్‌లో మందుపాతరలకు కాళ్లు పోయినవాళ్లు కూడా ఇవి తొడుక్కుని నడిచారు. సేఠీ గారికి 1981లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఆ ఇద్దరూ చేసిన మేలు ఎక్కడ మొదలైందో చూడండి. రోగిని "గుండె దిటవు చేసుకో" అని వాళ్లు ఊరుకోలేదు. "ఇంటికెళ్లాక నువ్వు చేయాల్సిన పనులేమిటి?" అని చూశారు. మడి దున్నాలి, మంచె ఎక్కాలి, బావి దగ్గర గొంతుక్కూర్చోవాలి. ఆ పనికి తగ్గ కాలు చేశారు.

అదే 1981లో, తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో ఓ ఆడపిల్ల కాలికి దెబ్బ తగిలింది. గాయం కుళ్లి కుడికాలు తీసేయాల్సి వచ్చింది. ఆ పిల్ల భరతనాట్యం కళాకారిణి సుధాచంద్రన్. మెగసెసే వచ్చిన డాక్టరు గురించి పత్రికలో చదివి జైపూర్ వెళ్లింది. నడవడానికి కాదు, నాట్యం చేయడానికి కాలు కావాలంది. భరతనాట్యానికి అరమండిలో కూర్చోవాలి, పాదం నేలకు కొట్టాలి, మడమ మీద నిలవాలి. ఆ కదలికలు దృష్టిలో పెట్టుకుని కాలు అమర్చారు. 1984 జనవరిలో ఆమె ముంబైలో మళ్లీ గజ్జె కట్టి వేదిక ఎక్కింది.

ఆ కథను సినిమాగా తీసింది మన తెలుగువాళ్లే. 1985లో వచ్చిన 'మయూరి'. సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వం, ఉషాకిరణ్ మూవీస్ నిర్మాణం, బాలసుబ్రహ్మణ్యం గారి సంగీతం. సుధాచంద్రన్ తన పాత్ర తానే వేసింది. మాకు కొత్తగా పెళ్లయిన రోజులవి. మా ఆవిడా నేనూ రెండో ఆట చూసి, రిక్షా దొరక్క నడిచి ఇంటికొచ్చాం. దారి పొడుగునా ఆ అమ్మాయి ధైర్యం గురించే చెప్పుకున్నాం. నాకే కాలు పోయాక అదే సినిమా మళ్లీ చూశాను. ఈసారి నా లెక్క వేరేగా ఉంది. 1981 నుంచి 1984 జనవరి దాకా, అంటే దాదాపు మూడేళ్లు. సినిమా ఆ మూడేళ్లను మూడు గంటల్లోపే చెప్పేయాలి. అందులో పట్టనివి చాలా ఉంటాయి. పుండు పడ్డ మొండి, దానికి రాసుకున్న మందు, రేపు మళ్లీ చేద్దామని కాలు విప్పి పక్కన పెట్టుకున్న రాత్రులు. చూసేవాళ్లకు కనపడేది గజ్జె కట్టిన రోజు. తట్టుకోవడమంటే మాత్రం ఆ తక్కిన రోజులు.

ఎవరెస్టు ఎక్కిన అరుణిమ కథలో కూడా అంతే. మనకు శిఖరం మీది ఫోటో చూపిస్తారు. ఆమె ముందుగా వెళ్లి కలిసింది, మన దేశంలో తొలిసారిగా ఎవరెస్టు ఎక్కిన మహిళ బచేంద్రీ పాల్‌ను. ఆవిడ దగ్గర శిక్షణ, చిన్న కొండలు, ఆ తర్వాత పెద్ద కొండ. అక్కడ కూడా ఓ పని చెప్పిన మనిషి ఉన్నారు.

సరే, నా కథకు వస్తాను. గాయం మానాక మొండికి కొలత తీసుకుని కాలు చేశారు. తెలుగులో ఎంత సొగసైన మాట చూడండి. తెగగా మిగిలినదాన్ని మొండి అంటాం, మాట వినని పిల్లవాణ్ణీ మొండి అంటాం. నా కాలు రెండు విధాలా మొండే. పొద్దున ఒక కొలత, సాయంత్రం ఒక కొలత. రోజులు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, అప్పుడు మేజోడు మీద మేజోడు తొడగాలి. చెమట పడితే ఒరుసుకుంటుంది. రెండు కడ్డీల మధ్య నడక నేర్చుకునేటప్పుడు మొదటిరోజు నాలుగడుగులు. నోటుపుస్తకంలో రాసుకున్నాను, నాలుగు. రెండోరోజు ఏడు. మూడోరోజు పుండు పడి సున్నా. ఆ తర్వాత వారం దాకా సున్నాలే. లెక్కల మాస్టారికి సున్నా విలువ తెలియాలి కదా. అంకె పక్కన నిలబడితే దానికీ విలువ ఉంటుందని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. ఆ సున్నాలు కూడా కొట్టేయకుండా ఉంచాను.

మధ్యలో ఓ మనిషి గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. మా వీధి చివర చిల్లర కొట్టు పెట్టుకున్న ఆవిడ. అందరిలాగే చూడ్డానికి వచ్చింది. కాసేపు కూర్చుంది. ధైర్యం గురించి ఏమీ అనలేదు. లేచి వెళ్లేముందు, "మాస్టారూ, మా వాడికి లెక్కల్లో పదకొండు మార్కులొచ్చినయ్యి. పదో తరగతి. మీరెలాగూ ఖాళీయే కదా, రేపట్నుంచి పంపిస్తా," అంది.

మా ఆవిడకు కోపం వచ్చింది. కాలు పోయిన మనిషిని పట్టుకుని ఖాళీయే కదా అంటుందా అని. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆపరేషను తర్వాత నేను నవ్వడం అదే మొదటిసారి. నిజమే కదా! పోయింది కాలు. నోరు పోలేదు, చెయ్యి పోలేదు, ఎక్కాలు పోలేదు. అన్ని రోజుల్లో నన్ను రోగిలా కాక మాస్టారిలా చూసింది ఆవిడొక్కతే. మర్నాడు ఆరింటికి పిల్లవాడు వచ్చాడు. వాడికోసం నేను ఐదున్నరకే మొహం కడుక్కుని, గడ్డం గీసుకుని, కుర్చీలోకి మారి కూర్చోవాల్సి వచ్చింది. వాడి దగ్గర ఏడవటానికి వీల్లేదు, బీజగణితం ఉంది. వాడు పదో తరగతి పాసయ్యాడు. ఎవరు ఎవర్ని పాస్ చేయించారో ఇప్పటికీ నాకు తెలియదు.

అలాగని పని ఒక్కటీ అన్నిటికీ మందని చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది. రెండు సంగతులు నేను దాచకూడదు.

ఒకటి. మధ్యలో ఒక నెల పాటు నాకు పనీ పట్టలేదు, తిండీ పట్టలేదు, నిద్రా పట్టలేదు. ఒకరాత్రి పెరట్లో బావి వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ చూపు ఎలాంటిదో నాకు తెలుసు. తెల్లారి మా అబ్బాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు సెలవు పెట్టి వచ్చి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాడు. కొన్ని నెలలు మందులు వాడాను. షుగరుకు మాత్ర వేసుకున్నప్పుడు లేని సిగ్గు దీనికెందుకు? మనసు కుంగి రెండు వారాలైనా తేరుకోకపోతే, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది మీ పిరికితనం కాదు, జబ్బు. వెంటనే ఎవరికన్నా చెప్పండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. పగలైనా రాత్రయినా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. మళ్లీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

రెండో సంగతి. అన్నీ మనిషి పట్టుదలలోనే ఉన్నాయని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. కొత్త కాలు వచ్చాక ఓ కాగితం పని మీద ఓ కార్యాలయానికి వెళ్లాను. వాకిట్లో నాలుగు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కింద నిలబడి ఎవరన్నా చెయ్యి అందిస్తారేమోనని ఎదురుచూశాను. నాకు ఆరోజు కొరవడింది ధైర్యం కాదు, రెండు గజాల ఇనప కమ్మీ. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం అలాంటి చోట్ల అందరూ వెళ్లగలిగే దారి ఉండాలంటుంది. ఆ చట్టం గుర్తించిన వైకల్యాలు 21. సదరం శిబిరానికి వెళ్లి వైకల్య ధ్రువపత్రం తెచ్చుకోవడం మన పని, మెట్ల పక్కన కమ్మీ వేయించడం వాళ్ల పని. ఎవరి పని వాళ్లు చేయకుండా మనిషికి ధైర్యం నూరిపోస్తే, ఆ మెట్ల దగ్గరే నిలబెట్టినట్టవుతుంది.

షుగరు ఉన్న శ్రోతలకు ఒక మాట. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్లకు పైమాటే. కాబట్టి ఇప్పుడు రేడియో వింటున్న వాళ్లలో నా తోటివాళ్లు ఎందరో ఉంటారు. రాత్రి పడుకునే ముందు పాదాలు రెండూ చూసుకోండి. అరికాలు కనపడకపోతే నేల మీద అద్దం పెట్టుకుని చూడండి. వేళ్ల సందుల్లో తడి తుడుచుకోండి. ఇంట్లో అయినా వట్టి కాళ్లతో తిరగొద్దు. చెప్పులు తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. చిన్న బొబ్బ కనపడినా, నొప్పి లేకపోయినా, అదేరోజు డాక్టరు దగ్గరకు వెళ్లండి. నొప్పి లేదు కదా అన్న మాట నాకు ఎంత ఖరీదైందో చెప్పాను.

ఇక ముగిస్తాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరికో కాలు పోయి ఉంటుంది. లేదా ఉద్యోగం పోయి ఉంటుంది, వ్యాపారం పోయి ఉంటుంది, తోడు పోయి ఉంటుంది. చూడ్డానికి మీరు తప్పకుండా వెళతారు. వెళ్లండి. మొదటి రోజుల్లో పక్కన ఊరికే కూర్చోండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ తర్వాత వెళ్లినప్పుడు బత్తాయిలు తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు. ఒక పని పట్టుకెళ్లండి. వంట బాగా చేసే ఆవిడైతే ఆవకాయలో మీరు వేసే కొలత సరేనా అని అడగండి. రైతయితే మీ దొడ్లో నిమ్మచెట్టు ఎందుకు పూత రాలుస్తోందో చూసి చెప్పమనండి. టైలరయితే ఓ చిరుగు చేతికివ్వండి. ఆ మనిషిలో మిగిలి ఉన్నదేదో మీకు తెలుసని అలా చెప్పండి.

మా ఆవిడ ఇప్పుడు దిండు పెట్టదు. కూరగాయల సంచీ చేతికిచ్చి, "బెండకాయలు లేతవి చూసి తెండి, పోయినసారి ముదురువి తెచ్చారు," అంటుంది.

వెళ్లొస్తాను.